ఆ యేడు నేను కట్టిన వేషం

మా వీధి చివరి పెంకుటింటికి బోర్డు బిగించిన రోజున మొదట మొరిగింది కుక్కలు. నిచ్చెన చూసి బెదిరాయి. మనుషులు బోర్డు చదివాక మొదలుపెట్టారు. ‘మానసిక రోగుల సంరక్షణ, చికిత్సా గృహం’ అని నీలం రంగు అక్షరాలు. తొంభైల చివరి సంవత్సరాలవి. అప్పటిదాకా నర్సీపట్నంలో మా వీధికున్న పెద్ద కష్టం కుళాయి నీళ్ళు వేళ తప్పి రావడం. ఆ సాయంత్రానికి కుళాయి సంగతి అందరూ మరిచిపోయారు.

మా వీధిలో తేడా మనుషులు లేరని కాదు. మూడో ఇంటాయన రోజూ పొద్దున్నే స్కూటర్‌ని బతిమాలుకునేవాడు, పేరు పెట్టి మరీ. ఇంకో ఇంట్లో ఇద్దరు తోటికోడళ్ళు ఏళ్ళ తరబడి ఒకే వంటింట్లో వండుతూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కానీ వాళ్ళెవరూ మందులు వేసుకోవడం లేదు కాబట్టి వాళ్ళు మనవాళ్ళు. మందులు వేసుకుని, వేళకి తిని, వేళకి పడుకునే పద్నాలుగు మందిని చూసేసరికి మాకు చెమటలు పట్టాయి.

వారం తిరక్కుండా ప్రహరీల మీద సీసా పెంకులు మొలిచాయి. పెళ్ళిచూపులకొచ్చేవాళ్ళు వీధి చివర ఏముందని అడిగితే ఏం చెప్పాలన్నది ఒక బెంగ. ఆడపిల్లలు ట్యూషన్ నుంచి ఏ దారిన రావాలన్నది ఇంకో బెంగ. రిటైరైన హెడ్మాస్టారు వీధికి పెద్ద కాబట్టి ఆయన అరుగు మీద మీటింగులు.

“జనం మధ్య పెట్టాల్సిందా అండీ ఇది? ఊరి బయట పెట్టుకోవాలి” అన్నారు మాస్టారు.

“ఊరి బయటంటే ఎక్కడండీ? పక్కనున్న బలిఘట్టంలో పెడితే ఆ ఊరివాళ్ళు మన వీధే ఊరి బయట అంటారు” అన్నాను నేను.

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. “నీకు అన్నీ వేళాకోళమే.”

నిజమే. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయింది, ఉద్యోగం కాలేదు. బస్టాండు దగ్గర ఎస్టీడీ, జిరాక్సు బూత్‌లో కూర్చునేవాణ్ణి. చేతిరాత బాగుంటుందని అర్జీలు నా చేత రాయించుకునేవారు. అది పగటి పని. అసలు పని వేరే. ఎక్కడ గొంతు పెరిగినా, ఎవరి కళ్ళు చెమ్మగిల్లినా, మధ్యలో ఒక మాట విసిరి గాలి తీసేయాలి. చావింట్లో కూడా నాకు ముందే కుర్చీ వేసేవారు.

ఆ పెంకుటింటి పక్క ఇల్లు మాదే. మా మేడ మీద నుంచి వాళ్ళ పెరడంతా కనిపించేది. నేను చూసిన ఘోరాలు ఇవి: కందిపప్పు ఏరడం, దుప్పట్లు ఆరేయడం, మధ్యాహ్నం నిద్ర, నాలుగు గంటలకి టీ. ఆ ఇల్లు నడిపే డాక్టరమ్మగారు పెరట్లో కుర్చీ వేసుకుని ఒక్కొక్కరి పేరూ పిలిచి మాత్రలు ఇచ్చేవారు. చూడడానికి మా స్కూలు హాజరుకంటే ప్రశాంతంగా ఉండేది.

ఆ పద్నాలుగు మందిలో ఒకాయన మాత్రం నాతో మాట్లాడేవాడు. యాభై దగ్గర వయసు. తలకి తువ్వాలు, ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడక. మాకవరపాలెం వైపు పల్లెలో బెల్లం పెనం దగ్గర పాకం దించే మనిషి. నేను మేడ మీద కనిపిస్తే చాలు, తలెత్తి అడిగేవాడు.

“టైమెంతయింది బాబూ? మందేసుకోవాల.”

నాకు ఊరికే ఉండదు కదా. నాలుగైతే పదకొండు అనేవాణ్ణి. పదకొండైతే సాయంత్రం ఆరు. ఆయన కోప్పడేవాడు కాదు. పెరట్లో బట్టలుతికే రాయి వైపు తిరిగి దాని నీడ చూసుకునేవాడు.

“రాయి నీడ తొట్టిని దాటీసింది బాబూ. నాలుగయ్యుంటాది. నీ వాచీకి కూడా డాక్టరమ్మగోరి సేత మందేయించు.”

మా వీధిలో నా నోటికి సమాధానం చెప్పగలిగింది ఆయన ఒక్కడే. మరి నీడ చూసి తెలుసుకోగలిగినప్పుడు నన్నెందుకు అడగడమని ఒకసారి అడిగాను.

“నీడకి నోరు లేదు గదా బాబూ.”

ఆయన భార్య ఆదివారాల్లో వచ్చేది. తిరిగి వెళ్తూ బస్సు కోసం ఎదురుచూసేటప్పుడు మా బూత్ ముందు నీడలో నిలబడేది. ఆయన కాలి సంగతి ఆవిడే చెప్పింది.

“గొలుసు గుర్తు బాబూ అది. రెండేళ్ళు పశువుల సాలలో కట్టీసినాం. ఏటి సేత్తాం సెప్పు. నాను కూలికెల్తే ఎవులు సూత్తారు? ఓ పాలి నూతి గట్టెక్కీసేడు. డాక్టరమ్మగోరు వొచ్చి గొలుసిప్పించి తీసుకొచ్చేరు. ఈ ఇల్లున్నన్నాళ్ళే ఆయన కాలు కాలులాగుంటాది.”

నేను ఏదో ఒక మాట విసరాల్సిన చోటు అది. బస్సొచ్చి నన్ను కాపాడింది.

మా వీధిలో గౌరీ పరమేశ్వరుల పండగ చేస్తారు. చివరి మూడు రోజులూ మగవాళ్ళు వేషాలు కట్టి ఇంటింటికీ తిరుగుతారు. ఎలుగుబంటి, పోలీసు, చిలక జోస్యం, ఎవరి సరదా వాళ్ళది. దానికి కట్టుబాట్లున్నాయి. డప్పు మోగకముందు వేషం గడప దాటకూడదు. అమ్మవారిని సాగనంపే అనుపు రోజుదాకా వేషం కట్టినవాడు తనెవరో చెప్పకూడదు. అనుపు రోజున తను వెళ్ళిన ఇంటికి మళ్ళీ వెళ్ళి, నేనే అని చెప్పి, ఆ ఇంటివాళ్ళ చేత నెత్తిన పసుపు నీళ్ళు పోయించుకోవాలి. అప్పుడు గానీ వేషం దిగినట్టు కాదు.

నాది ఏటా పిచ్చోడి వేషమే. మూడేళ్ళ నుంచీ ఎదురింటి మామ్మ నన్ను చిటికెలో పట్టేసేది. “నీ కాళ్ళు నాకు తెలీవేటిరా, సిన్నప్పుడు నా వాకిట్లోనే కదా దొర్లేవు” అనేది. ఆ యేడు మామ్మకి దొరక్కూడదని పంతం పట్టాను. పక్కింట్లో పద్నాలుగు మంది అసలువాళ్ళుండగా ఊహించి వేషం కట్టడమేమిటని నాకు నేనే ఒక ఛలోక్తి చెప్పుకుని, మేడెక్కి రెండు వారాలు ఆయన నడక నేర్చుకున్నాను. ఎడమ కాలు ఈడ్చడం, తువ్వాలు ముడి, తల కొంచెం వంచి పైకి చూడడం. బాగా వచ్చింది. ఆ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వేషాల మొదటి రోజు డప్పులవాళ్ళు భోజనాలు చేసి కునుకు తీస్తున్నారు. నాకు ఆగబుద్ధి కాలేదు. ముందొకసారి మామ్మ మీద పరీక్షించి చూద్దామనిపించింది. కాళ్ళకీ చేతులకీ మెడకీ మసి రాసుకున్నాను, మొహానికి బూడిద పూసుకున్నాను. ఎండ నడినెత్తి నుంచి కొంచెం వాలింది. వీధిలో ఎవరూ లేరు. మామ్మ పెరట్లో వడియాలు పెడుతోంది. వెనక నుంచి కాలీడ్చుకుంటూ వెళ్ళి నిలబడ్డాను.

“టైమెంతయింది మామ్మా? మందేసుకోవాల.”

మామ్మ నా కాళ్ళ వైపు చూడలేదు. మొహం చూసింది. అరిచిన అరుపులో నా పేరు లేదు. లేవబోయి రుబ్బురోలు మీద పడింది. చెయ్యి కింద మడతపడి విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నేను ఆవిణ్ణి లేపలేదు. పెంకులు లేని పక్క గోడ దూకి, వీధి దాటి మా దొడ్లో పడ్డాను.

అప్పుడు అర్థమైంది ఆ కట్టుబాటు ఎందుకు పెట్టారో. డప్పుంటే వేషం. డప్పు లేకపోతే మనిషి.

పావుగంటలో వీధంతా మామ్మ పెరట్లో ఉంది. స్నానం చేసి నేనూ వెళ్ళాను. ఎవరో మామ్మ చేతికి చెక్కలు పెట్టి తువ్వాలు చుడుతున్నారు. ఆవిడ ఒకటే మాట చెబుతోంది. “కాలీడ్సుకుంటా వొచ్చేడు. టైమడిగేడు. వొడియాల పళ్ళెం దాకా వొచ్చీసేడు.” ఆ మాట వినాల్సినవాళ్ళందరూ విన్నారు. డాక్టరమ్మగారు పరుగున వచ్చి, ఆయన మధ్యాహ్నం మాత్ర వేసుకుని నిద్రపోతున్నాడని చెప్పారు. ఎవరూ నమ్మలేదు.

అమ్మ నా పక్కన నిలబడి ఉంది. చీర కొంగు వేలికి చుట్టుకుని నా చెవి వెనక ఒకసారి గట్టిగా తుడిచింది. కొంగు నల్లబడింది. దాన్ని మడిచి బొడ్లో దోపుకుంది.

అనుపుదాకా చెప్పకూడదన్న నియమం ఉంది కదా అని సర్దిచెప్పుకున్నాను. అంత నిష్ఠ నాకెప్పుడూ లేదు. అనుపు రోజున మామ్మ ఇంటికి వెళ్ళాను. చేతికి సిమెంటు కట్టు. చుట్టూ హెడ్మాస్టారూ నలుగురు పెద్దలూ కూర్చునున్నారు. గడప పక్కన చెంబులో పసుపు నీళ్ళు తయారుగా ఉన్నాయి, వచ్చే వేషాల కోసం.

“ఈ యేడు నీ యేషం లేదేటిరా? నువ్వు తిరిగితే ఆడు నా గుమ్మం తొక్కేవోడు కాదు” అంది మామ్మ.

“జొరం మామ్మా” అన్నాను.

నా నుదుటి మీద మంచి చెయ్యి పెట్టి చూసింది. “ఇంకా కాల్తంది. బేగి ఇంటికెల్లి పడుకో.”

మర్నాడు హెడ్మాస్టారు బూత్‌కి వచ్చారు. అర్జీ రాయాలి. ఆయన చెబుతున్నారు, నేను రాస్తున్నాను. ‘సదరు గృహంలోని ఒక రోగి పట్టపగలు ఇంట్లో చొరబడి వృద్ధురాలిపై దాడి చేసి’ అనేచోట పెన్ను ఆపాను.

“దాడా మాస్టారూ? టైం అడిగాడన్నారు కదా.”

“టైం అడిగాడని రాస్తే ఏ ఆఫీసరు కదులుతాడయ్యా?”

దాడి అని గుండ్రంగా రాశాను. అరవై సంతకాలయ్యాయి. వేలిముద్ర వేసినవాళ్ళకి ఇంకు నేనే ఇచ్చాను. మూడు జిరాక్సులు తీశాను.

ఆ ఆదివారం ఆయన భార్య వచ్చింది. సంగతి అంతా తెలిసే వచ్చింది. స్టూలు మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

“బాబూ, నీ సేతిరాత బాగుంటాదంట గదా. మా తరఫున ఓటి రాయి. ఆయన ఎల్లలేదని రాయి. ఈ ఇల్లు తీయించొద్దని రాయి. తీయించేత్తే మళ్ళీ సాలలో కట్టీయాల నాను. నా సేత్తో కట్టీయాల.”

రాశాను. ‘మహారాజశ్రీ’ దగ్గర మొదలుపెట్టి ‘తమ దయ’ దాకా రాశాను. ఎంతో బాగా రాశాను. ఆ రోజు మామ్మ పెరట్లోకి వెళ్ళింది ఎవరో తప్ప అన్నీ ఉన్నాయి అందులో. ఒకే ఆఫీసరుకి, ఒకే వారంలో, ఒకే చేతిరాతతో రెండు అర్జీలు. రెండింటిలోనూ లేని ముక్క ఒకటే.

విచారణకి ఆఫీసరు వచ్చాడు. హెడ్మాస్టారి అరుగు ముందు కుర్చీలు వేశారు. డాక్టరమ్మగారు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. భార్య ఆయన వెనక నిలబడింది. ఉతికిన చొక్కా వేసుకుని, తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, స్కూలు పిల్లాడిలా నిలబడ్డాడు. మామ్మ మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. కాలు, టైం, వడియాల పళ్ళెం. ఆమె ఆపిన చోట మాస్టారు అందుకున్నారు. మాస్టారు ఆపిన చోట ఇంకొకరు.

“నువ్వు వెళ్ళావా?” అన్నాడు ఆఫీసరు.

ఆయన చేతిలోని తువ్వాలు మడిచాడు. వెళ్ళలేదని చెబుతాడనుకున్నాను. ఒట్టేసి చెబుతాడనుకున్నాను.

“నానే అయ్యుంటాను బాబుగోరూ. టైమడిగేడంటే నానే. మాత్రేసుకుంటే మద్దెలో కొంత గేపకముండదు.”

డాక్టరమ్మగారు “కాదు, ఈయన నిద్రలో ఉన్నాడు” అంటున్నారు. ఆయన వినడం లేదు. జనంలో నన్ను వెతుక్కున్నాడు.

“బాబూ, నువ్వు మేడ మీదుంటావు గదా. నాను గేటు దాటడం సూసేవేటి?”

వీధంతా నా వైపు తిరిగింది. అమ్మ కూడా. నోరు తెరిస్తే చాలు. తెరిచాను. వచ్చేదే వచ్చింది.

“నేను చూసిందల్లా మీరు టైం అడగడమే. ఎవరైనా ఈయనకో వాచీ కొనిపెట్టండి బాబూ, ఊరు ఊరంతా సుఖపడుతుంది!”

అందరూ ఘొల్లుమన్నారు. ఆఫీసరు కూడా నవ్వు ఆపుకోలేక ఫైలు మూశాడు. మామ్మ కట్టున్న చెయ్యి పట్టుకుని నవ్వింది. ఆయన భార్యా నవ్వింది, నలుగురూ నవ్వుతున్నారంటే గండం గడిచిపోయిందనుకుని. ఆయన మాత్రం బుర్ర ఊపాడు, అదీ నిజమే అన్నట్టు. ఆయన కాక నవ్వనివాళ్ళు ఇద్దరే. డాక్టరమ్మగారు, మా అమ్మ.

మీరూ మీరూ మాట్లాడుకోండని చెప్పి ఆఫీసరు వెళ్ళిపోయాడు. ఇంటి ఓనరు మాత్రం వీధితో తగువెందుకని ఖాళీ చేయమన్నాడు. నెల తిరక్కుండా బోర్డు దిగింది. నిచ్చెన చూసి కుక్కలు మళ్ళీ మొరిగాయి. డాక్టరమ్మగారు విశాఖపట్నంలో ఏదో చిన్న ఇల్లు చూసుకుని, అక్కడిదాకా వచ్చిపోగలిగే చుట్టాలున్నవాళ్ళని తీసుకెళ్ళారు. ఆయన భార్య కూలి మానుకుని అంత దూరం తిరగలేనంది. మాకవరపాలెం జీపులో వెనక సీటులో ఆయన్ని ఎక్కించుకుంది. మా బూత్ ముందు నుంచే వెళ్ళారు. ఆయన నన్ను చూశాడు. ఆ రోజు మాత్రం టైం అడగలేదు.

తర్వాత ఆ ఇంట్లో ట్యూషన్ సెంటర్ పెట్టారు. ఎక్కాలు ఒప్పజెబుతూ అరిచే పిల్లల గోల మీద ఎవరూ అర్జీ పెట్టలేదు. బూత్ పోయింది, నాకు ఒక స్కూల్లో క్లర్కు పని దొరికింది. జోకులు తగ్గలేదు, మనుషులు అడిగేవారు కాబట్టి. కానీ మేడెక్కడం మానేశాను. నాలుగు గంటలకి ఆ రాయి నీడ తొట్టి దాటుతుందని నాకు చూడకుండానే తెలిసిపోయేది. ఇంకొకటి ఉంది. పండగకి డప్పు మొదలవగానే నా ఎడమ కాలు బరువెక్కేది. నాలుగడుగులు ఈడ్చుకుని గానీ మామూలుగా నడవలేకపోయేవాణ్ణి. నరం పట్టేసిందని జనానికి చెప్పేవాణ్ణి. అమ్మ ఆ నాలుగడుగులూ అయ్యేదాకా వేరే వైపు చూసేది.

కొన్నేళ్ళకి మామ్మ పోయింది. స్నానం చేసొచ్చి జుట్టు తుడుచుకుంటూ అమ్మ, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆ మాట ఎత్తింది.

“ఇంక నెత్తిన నీళ్ళు పొయ్యడానికి ఆవిడ లేదు. బతికున్నవోళ్ళ దగ్గిరికైనా ఎల్లరా.”

ఆయన పల్లెకి వెళ్ళాను. చెరకు ఆడే రోజులు. పల్లె పొలిమేర నుంచే బెల్లం వాసన కొడుతోంది. ఇల్లు చూపించమంటే ఒకాయన చూపించాడు. భార్య నన్ను గుర్తుపట్టింది. “వాచీ బాబువి గదా” అంది, కోపం లేకుండా. అది ఇంకా కష్టంగా ఉంది. దొడ్లో పశువుల సాల చూపించింది.

రెండు ఆవులు, ఒక దూడ, ఆయన. జుట్టు పూర్తిగా నెరిసింది. గొలుసు నడిమి గుంజకి కట్టి ఉంది. కాలి దగ్గర కోసుకోకుండా పాత చీర ముక్క చుట్టింది ఆవిడ. ఆ గుడ్డ శుభ్రంగా ఉంది. రోజూ మారుస్తుందనుకుంటాను.

కూర్చుని చెప్పాను. మసి దగ్గర్నుంచి గోడ దూకడం దాకా చెప్పాను. జీవితంలో మొదటిసారి మధ్యలో ఎవరూ నవ్వకుండా ఒక సంగతి పూర్తిగా చెప్పాను.

ఆయన ఓపిగ్గా విన్నాడు.

“కాదు బాబూ. నానే. నాకు బాగా గేపకం. ముసలమ్మ వొడియాలెడతంది. పళ్ళెం దాకా ఎల్లేను.” ఆ పెరడూ, రుబ్బురోలూ, ఎండ ఎటు నుంచి పడిందో కూడా చెప్పాడు. అరుగు ముందు అన్నిసార్లు విన్నాడు కదా. అక్కడున్న నాకంటే ఆయనకే బాగా కనిపిస్తోంది. “నువ్వు మంచోడివి బాబూ. నా తప్పు నీ మీదేసుకోకు.”

భార్య దూడకి గడ్డి వేస్తూ అంతా విన్నది. గడ్డి అంతా వేశాక చేతులు దులుపుకుంది.

“అక్కడ సెప్పాల్సిన మాట ఇక్కడ ఆవులకి సెప్తే ఏటవుద్ది బాబూ?”

లోపలికి వెళ్ళి స్కూలు నోటుపుస్తకంలోంచి చింపిన కాగితమూ పెన్నూ తెచ్చింది.

“రాయి. అప్పుడు రాసినట్టే రాయి. ఇప్పుడు సెప్పిందే రాయి, నువ్వే ఎల్లేవని.”

ఎవరికి రాయాలో తెలియలేదు. ఆ ఆఫీసరు ఎప్పుడో బదిలీ అయ్యాడు. హెడ్మాస్టారు లేరు, మామ్మ లేదు. ‘మహారాజశ్రీ’ వదిలేసి రాశాను. నాలుగు వాక్యాలకంటే రాలేదు. ఆవిడ చదువుకోలేదు. అయినా కాగితం పట్టుకుని కాసేపు చూసింది, మడిచి, ఆయన పాత మందుల చీటీలున్న ప్లాస్టిక్ కవరులో పెట్టింది. ఆ చీటీల్లో ఏ మాత్రా ఇప్పుడు ఇంట్లో లేదు.

నేను లేచి దొడ్డి తడిక దాటుతుంటే వెనక నుంచి పిలిచాడు.

“టైమెంతయింది బాబూ?”

వాచీ చూసి, “మూడు పది” అని చెప్పాను. నిజంగానే మూడు పది.

లోపల గొలుసు కదిలిన చప్పుడైంది. సాల గుమ్మం దాకా వచ్చి అక్కడి గుంజ నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటున్నాడు.